గోవిందుడి అసలు పేరు

(సీరియల్: పదకొండో భాగం)

గోవిందుడు రేపల్లె ప్యాసింజర్లో టిక్కెట్టు లేకుండా తెనాలికి వచ్చిన మేక. మొదటి నుంచీ చదువుతున్నవారికి ఇది తెలిసిన సంగతే. మధ్యలో వచ్చినవారి కోసం మళ్ళీ చెబుతున్నాను.

మార్చిలో ఒక సాయంత్రం విజయసారథి కూతురు ఆమనిని వెంటబెట్టుకుని, బాపట్లలో చెల్లెలి ఇంటికి వెళ్ళి తిరిగి వచ్చాడు. తెనాలి స్టేషన్లో దిగేసరికి పక్కన రేపల్లె బండి ఆగి ఉంది. జనమంతా దిగిపోయాక ఆఖరి పెట్టెలో నల్లటి మేకపోతు పిల్ల ఒంటరిగా నిలబడి, తలుపులోంచి ఊరిని చూస్తోంది. ఎవరిదని అడిగితే పలికినవారు లేరు. ఆమని చేతిలోని అరటిపండు తొక్క కోసం అది బండి దిగింది. దిగి, ఇంటిదాకా వెంట నడిచింది.

ఆ ఇంట్లో అప్పటికే సింగడనే ఊరకుక్క ఉంది. మీనా అనే పిల్లి ఉంది. ఆమనికి మేనత్త ఇచ్చిన లవ్ బర్డ్స్ జంట ఉంది. పోయిన వానలకు కాలవలోంచి దొడ్లోకి వచ్చి, వెళ్ళనని కూర్చున్న తాబేలు ఉంది. వీటికి తోడు మేక కూడా రావడం చూసి విజయసారథి తల్లి సుందరమ్మ గుమ్మంలోనే కేకలేసింది.

"ఇది ఇల్లా, బందెలదొడ్డా? రేపు ఒంటెను తెస్తారు, మేడ మీద కట్టేద్దాం!"

కానీ దగ్గరికి వచ్చి చూసిన తర్వాత ఆవిడ గొంతు మారిపోయింది. మేక మెడలో పసుపు తాడు ఉంది. కుడి చెవి కొస కత్తిరించి ఉంది.

"అయ్యో, ఇది దేవుడి పేరున వదిలిన జీవంరా! ఆంబోతును అచ్చుపోసి వదిలితే ఊళ్ళో ఎవరైనా కర్ర ఎత్తుతారా? ఇదీ అంతే. దీనికి గడ్డి పెడితే దేవుడికి పెట్టినట్టే" అంది. గోవిందుడని పేరు కూడా తనే పెట్టింది. ఆ వారంలోనే గోవిందుడు కోటలోని తులసి మొక్కను మొదలంటా తినేస్తే, "ఎవరి తులసి వాళ్ళు తిన్నారు, మనకెందుకు" అని ఇంకో మొక్క తెచ్చి నాటింది గానీ ఒక్క మాట అనలేదు.

ఇదంతా మొన్నటి కథ. పోయిన వారం మనం ఆపింది మే నెల ఎండలో, ఆ ఇంటి గేటు దగ్గర. సుందరమ్మ అరుగు మీద చాప పరిచి మామిడి తాండ్ర పోస్తోంది. ఎవరో ఆడమనిషి గేటు ఊచలు పట్టుకుని, లోపల తిరుగుతున్న గోవిందుడిని చూస్తూ అన్న మాటతో ఆగాం.

"అది మా మేకమ్మా. నా బిడ్డ ప్రాణమమ్మా అది."

ఆ మనిషి పేరు రత్నకుమారి. రేపల్లె స్టేషన్ వెనక పేటలో ఇల్లు. మొగుడు త్రినాథ్, రొయ్యల చెరువుల మీద కాపలా. ఈ సంగతులన్నీ తర్వాత తెలిశాయి. అప్పటికి ఆ ఇంట్లోవాళ్ళకు తెలిసింది ఆవిడ కళ్ళు నిద్ర లేక వాచి ఉన్నాయని మాత్రమే.

విజయసారథి భార్య సరోజిని బయటికి వచ్చింది. "నల్ల మేకలు ఊళ్ళో బోలెడు. మీదేనని ఏంటమ్మా గుర్తు?"

రత్నకుమారి గుర్తులు చెప్పలేదు. గేటు అవతల నుంచే పిలిచింది.

"బుల్లోడా!"

గోవిందుడు చెవులు రిక్కించాడు. తాండ్ర చాపను తొక్కుకుంటూ అరుగు దిగి పరుగెత్తి, గేటు సందులోంచి ముట్టె బయటికి పెట్టాడు. రత్నకుమారి చీర కుచ్చిళ్ళలో మూతి దూర్చి దేనికోసమో వెతికాడు. రోజూ ఆమె అక్కడ వాడి కోసం ఏదో ఒకటి దాచి తెచ్చేదన్నమాట. ఇవాళ ఏమీ లేదు. ఆమె వాడి తల పట్టుకుని, గేటు మీద నుదురు ఆనించి, వెక్కి వెక్కి ఏడ్చింది.

ఇంకే గుర్తూ అడగాల్సిన పని లేకపోయింది. సుందరమ్మ లేచి గేటు తీసింది.

"లోపలికి రా అమ్మాయ్. ముందు మంచినీళ్ళు తాగు."

నీళ్ళు తాగి, అరుగు అంచున కూర్చుని రత్నకుమారి చెప్పింది.

"మా పాప ఝాన్సీ అండి. పోయినేడు జ్వరం వచ్చి తలకెక్కింది. మెదడువాపన్నారు. ఒంటి మీద తెలివి లేదు. డాక్టరుగారు కూడా దేవుడి మీద భారం వెయ్యమన్నాడు. అప్పుడు మా ఊరి అమ్మవారికి మొక్కుకున్నాను మామ్మగారూ. బిడ్డ లేచి కూర్చుంటే ఏటపోతును ఇచ్చుకుంటానని. ఆ సాయంత్రమే పిల్లను కొనుక్కొచ్చి, చెవి కొస కోసి, పసుపు తాడు కట్టి, అమ్మవారి పేరు చెప్పి వదిలాం. తెల్లారేసరికి ఝాన్సీ కళ్ళు తెరిచింది. నన్ను చూసి, అన్నం పెట్టమంది."

సుందరమ్మ చేతిలో తాండ్ర గరిటె అలాగే ఉండిపోయింది.

"ఇచ్చుకుంటానంటే?" అంది సరోజిని మెల్లగా.

రత్నకుమారి ఆమె వైపు చూసింది. ఈ ఇంటి గుమ్మానికి ఉన్న తోరణం చూసింది, అరుగు మీది తులసికోట చూసింది. ఎలా చెప్పాలో తెలియక తల దించుకుంది. చెప్పకపోయినా అందరికీ అర్థమైంది.

లోపల గదిలో గిన్నె ఏదో కిందపడిన చప్పుడైంది. ఆమని తలుపు చాటున నిలబడి అంతా విన్నది. ఐదో తరగతి పూర్తయిన పిల్ల. బయటికి వచ్చి ఎవరినీ చూడకుండా గోవిందుడి మెడ చుట్టూ చెయ్యి వేసి, బరబరా లాక్కెళ్ళి స్నానాలగదిలోకి తోసి, తనూ దూరి, లోపల గడియ పెట్టుకుంది. సింగడు ఆ తలుపు ముందు పడుకుని గుర్రుమన్నాడు.

రెండు నెలలుగా సుందరమ్మ ప్రతి శనివారం ఆ మేక నుదుట కుంకుమ పెట్టింది. ఆ తాడును చూసి, తనకు తెలిసిన అర్థమే దానికి ఇచ్చుకుంది. తన పుట్టింట్లో దేవుడి పేరున వదిలారంటే ఇక ఆ జీవం జోలికి ఎవరూ పోకూడదని. రత్నకుమారి ఇంట్లో అదే తాడుకు అర్థం వేరు. రెండిళ్ళలోనూ కట్టేది పసుపే. రెండిళ్ళలోనూ చెప్పేది దేవుడి పేరే. ఒక మనిషి దృష్టిలో అది విడుదల, ఇంకో మనిషి దృష్టిలో అది బాకీ. దేవుడు ఒకే తాడును రెండు రకాలుగా ఎలా చదువుకుంటాడో సుందరమ్మకు అంతుపట్టలేదు. ఇది రాస్తున్న నాకూ పట్టలేదు.

"మరి బండెక్కించింది ఎవరు?" అంది ఆవిడ చివరికి.

"ఝాన్సీయే. జాతర దగ్గర పడేసరికి దానికి తెలిసిపోయింది. తప్పు నాదే మామ్మగారూ. జబ్బు పడి లేచిన పిల్ల, ఆడుకుంటదిలే అని వాడిని దాని పక్కనే పెంచాను. ఇద్దరూ ఒకే దుప్పట్లో పడుకునేవాళ్ళు. మేం పనికి పోయినప్పుడు సుబాబుల్ రొట్ట చూపిస్తూ స్టేషన్‌కి తీసుకుపోయి, బండెక్కించి, కదిలే ముందు తను దిగేసింది. మేం కొట్టినా చెప్పలేదు. తిరిగొచ్చిన జబ్బు చెప్పించింది."

"తిరిగొచ్చిందా?"

"వారమైందండి. ఫిట్స్. ఇక్కడే, తెనాలిలో చేర్పించాం. టిఫిన్ తేవడానికి పొద్దున రోడ్డు మీదికి వస్తే మీ అమ్మాయి వీడిని నడిపించుకుపోతా కనపడింది. అమ్మవారే చూపించింది. రేపు మంగళవారం. రేపే ఇచ్చుకుంటానని మళ్ళీ మొక్కుకున్నాను."

సరోజిని గబుక్కున అంది, "ఇంకో మేకను ఇస్తాం. ఇంతకంటే మంచిది. ఇవాళే తెప్పిస్తాం."

స్నానాలగది తలుపు వెనక నుంచి ఆమని గొంతు వినిపించింది.

"అదీ మేకేగా అమ్మా."

సరోజిని మొహం ఎర్రబడింది.

"పేరు చెప్పి వదిలినదాన్ని మార్చకూడదమ్మా" అంది రత్నకుమారి. "మారిస్తే ఊరుకుంటదంటే నేను ఇంత దూరం వచ్చి మీ గడప తొక్కేదాన్ని కాదు. వాడిని పాలసీసాతో పెంచింది నేనే. నాకు మాత్రం..." అని ఆగిపోయింది.

సరోజిని లోపలికి వెళ్ళి బాపట్లకు ఫోన్ చేసింది. విజయసారథి ఆ రోజు చెల్లెలి గృహప్రవేశం పనుల మీద మళ్ళీ అక్కడే ఉన్నాడు. విషయం వినగానే అతని గొంతు రిసీవర్లోంచి బయటికి వినపడింది.

"ఇవ్వొద్దు! బలి ఇవ్వడం నేరం. పోలీసులకు చెబుతానని చెప్పు. నేను సాయంత్రం బండికి వచ్చేస్తా."

సుందరమ్మ రిసీవర్ అందుకుంది.

"ఒరే సారథీ. నువ్వు వచ్చేలోగా ఆ పిల్లకేదైనా అయితే పోలీసులు ఏం చేస్తార్రా?"

అవతల అతను మెల్లగా అన్నాడు. "అమ్మా, చీమ కాలికింద పడితేనే రామ రామ అనుకుంటావే. నువ్వా ఇమ్మంటున్నది?"

ఆవిడ రిసీవర్ పెట్టేసి, దేవుడి గది ముందు నిలబడింది. లోపలికి వెళ్ళలేదు. వెళ్తే ఏమని అడగాలి? మేకను కాపాడమని అడిగితే ఎదుట ఒక తల్లి కూర్చుని ఉంది. పిల్లను కాపాడమని అడిగితే ఆ ధర ఇక్కడే గడియ వెనక నిలబడి ఉంది. మూగజీవం రక్తం నిజంగా అమ్మవారికి కావాలా? కావాలనుకునేవారిని వద్దనడానికి తను ఎవరు? తన నమ్మకం తప్పయితే తులసి మొక్కే పోయింది. రత్నకుమారి నమ్మకం తప్పని తను తీర్పు చెప్పి, అది తప్పు కాకపోతే?

తిరిగి వచ్చి సరోజినితో అంది, "రేపు ఆ పిల్ల లేకుండా పోయి, ఇది మన దొడ్లో తిరుగుతుంటే, దీని మొహం ఎలా చూస్తామే? ఇచ్చెయ్."

"అత్తయ్యగారూ!"

"నాకు తెలుసు. పాపమైతే నాకే రానీ."

అప్పుడు రత్నకుమారి లేచి, ఆవిడ కాళ్ళు పట్టుకోబోయి, మడి అని గుర్తొచ్చి దూరంగానే ఆగింది. సుందరమ్మే ముందుకు వచ్చి ఆమె భుజం పట్టుకుంది.

"ఇంకొక్కటి ఉంది మామ్మగారూ. అడగడానికి నోరు రావడం లేదు."

"అడుగు."

"ఝాన్సీ తినడం మానేసింది. నేను వార్డు దాటితే చాలు, బుల్లోడిని వెతకడానికేనా అంటది. వాడిని అమ్మవారికిస్తే నేనూ తిననంటది. డాక్టరుగారు కడుపులో తిండి పడకపోతే మందు వాడలేనన్నాడు. మీ అమ్మాయి ఒక్కసారి వచ్చి, మేక మా ఇంట్లో ఉంది, బాగుంది అని చెబితే నమ్ముతది. పిల్లలు పిల్లల మాట నమ్ముతారు. మేం వాడిని... ముందుగా ఊరికి పంపించేస్తాం."

సరోజిని కోపం ఇప్పుడు నిజంగా బయటికి వచ్చింది. "మేకనూ ఇవ్వాలి, నా బిడ్డ చేత అబద్ధమూ ఆడించాలా? దాని మనసు ఏమవుతుందో నీకేమైనా పట్టిందా?"

"పట్టిందమ్మా" అంది రత్నకుమారి. "నాకు ఒక్కతే కూతురు. అందుకని మీ కూతురి గురించి ఆలోచించడం మానేశాను. తప్పే."

స్నానాలగది గడియ తీసిన చప్పుడైంది. ఆమని బయటికి వచ్చింది. గోవిందుడి ఒళ్ళంతా తడిగా ఉంది. లోపల వాడికి స్నానం చేయించినట్టుంది. సబ్బు వాసన వచ్చింది.

"ఝాన్సీ ఎన్నో క్లాసు?" అని అడిగింది.

"మూడు చదువుతా ఆపేసిందమ్మా."

"తనే బండెక్కించిందా? ఒక్కతేనా?"

"ఒక్కతే."

ఆమని గోవిందుడి తడి వీపు మీద చెయ్యి వేసి నిలబడింది. ఆ చిన్న పిల్ల తన మేకను బతికించడానికి ముక్కూ మొహం తెలియని ఊరికి పంపింది. ఆ మేక వచ్చింది ఆమని చేతికి. ఇప్పుడు మేకను ఇస్తే ఆ పిల్ల చేసిన పని చెడిపోతుంది, ఇవ్వకపోతే ఆ పిల్లే దక్కదంటున్నారు. పదేళ్ళ పిల్ల ఈ మాటలన్నీ ఇలా అనుకోలేదు గానీ, దాని మొహంలో అవన్నీ కనిపించాయి.

"వస్తాను" అంది.

త్రినాథ్ సందు మొగలో వేప చెట్టు నీడన నిలబడి ఉన్నాడు. భార్య పిలిస్తే వచ్చాడు. పొడుగాటి మనిషి, చెరువుల ఎండకు కమిలిన ఒళ్ళు. లోపలికి రమ్మన్నా రాలేదు. ఆమని తాడు తెచ్చి అతని చేతికి ఇచ్చింది. గోవిందుడు షికారు అనుకుని హుషారుగా ముందుకు గెంతాడు. సింగడు కూడా షికారే అనుకుని తోక ఊపుతూ బయల్దేరాడు.

"మధ్యాహ్నం వాడు ఎండలో ఉండడు. నీడకు లాక్కుపోతాడు" అంది ఆమని.

"నేను బాగా చూసుకుంటా పాపా" అన్నాడు త్రినాథ్ అలవాటుగా. అన్న తర్వాత ఆ మాట అతనికే వినిపించింది. తుండుగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుని, వెనక్కి తిరగకుండా స్టేషన్ దారి పట్టాడు. సింగడిని మలుపు దాకా వెళ్ళి సరోజిని పట్టి తెచ్చింది. అరుగు మీద తాండ్ర నిండా గిట్టల గుర్తులు పడి ఉన్నాయి. సుందరమ్మ వాటిని సరిచెయ్యలేదు.

ఆసుపత్రి మెయిన్ రోడ్డు వెనక సందులో ఒక చిన్న నర్సింగ్ హోమ్. మేడ మీద కిటికీ పక్క మంచం. ఝాన్సీ దిండులోకి కూరుకుపోయి ఉంది. చేతికి సెలైన్ సూది. ఎనిమిదేళ్ళ పిల్లకు ఉండాల్సిన బుగ్గలు లేవు, కళ్ళు మాత్రమే ఉన్నాయి. సరోజిని గుమ్మంలో ఆగిపోయింది. సుందరమ్మ ఆయాసపడుతూ స్టూలు మీద కూర్చుంది.

"ఎవరు?" అంది ఝాన్సీ.

"నేను ఆమని. మీ బుల్లోడు మా ఇంటికొచ్చాడు."

ఝాన్సీ వెంటనే తల్లి మొహం చూసింది. తర్వాత ఆమనిని పరీక్షగా చూసింది. "అబద్ధం. అమ్మ నేర్పింది."

"వాడికి కుడి చెవి కొస లేదు. నిద్రపోయేటప్పుడు ఒక కన్ను మూసి ఒక కన్ను తెరుస్తాడు."

"అవును!" ఆ పిల్ల తల దిండు మీద నుంచి కొంచెం లేచింది. "ఏం తింటాడు మీ ఇంట్లో?"

"అన్నీ తింటాడు. మా నాయనమ్మ తులసి మొక్క తినేశాడు. నాన్న పట్టుపంచె అంచు నమిలేశాడు. లవ్ బర్డ్స్ గింజలు తిందామని పంజరంలో మూతి పెట్టి ఇరుక్కుపోయాడు. మా తాబేలు మీద కాళ్ళు పెట్టి నించుంటాడు. అది నడుస్తుంటే పడిపోతాడు."

ఝాన్సీ నవ్వింది. గొంతు ఎండిపోయి దగ్గులా వచ్చిన నవ్వు. అయినా నవ్వే. ఈ వారంలో మొదటిది. రత్నకుమారి పక్కకు తిరిగి కళ్ళు తుడుచుకుని, గిన్నెలో పాలు, రొట్టె గబగబా కలిపింది.

"తాబేలు ఏమీ అనదా?"

"తల లోపలికి లాక్కుంటుంది. మా నాయనమ్మ వాడికి గోవిందుడని పేరు పెట్టింది."

"గోవిందుడా? బాలేదు. బుల్లోడే బాగుంది." మళ్ళీ దగ్గింది. "మామ్మా, నువ్వు వాడిని తిట్టావా?"

"లేదు తల్లీ" అంది సుందరమ్మ.

ఇంతవరకూ ఆమని చెప్పిందంతా నిజం. నిజం చెబుతున్నంతసేపూ ఆమని మొహం వెలిగిపోయింది. కాసేపు తను వచ్చిన పనే మరిచిపోయింది.

"ఇప్పుడెక్కడున్నాడు?" అంది ఝాన్సీ.

ఆమని కిటికీ వైపు చూసింది. "ఇప్పుడు... మా ఇంట్లోనే."

రత్నకుమారి చెంచా నోటి దగ్గర పెట్టింది. ఝాన్సీ నోరు తెరిచింది. తెరిచి, ఆగింది. సూది లేని చెయ్యి చాచి, ఆమని చెయ్యి పట్టుకుని, తన తల మీద పెట్టుకుంది.

"నా మీద ఒట్టేసి చెప్పు. అప్పుడు తింటా."

ఆమని చేతి కింద ఆ తల జ్వరంతో కాలిపోతోంది. తలమీద చెయ్యి పెట్టి అబద్ధమాడితే ఆ మనిషికే కీడని ఆమనికి తెలుసు. ఝాన్సీకి తెలుసు. స్టూలు మీది సుందరమ్మకూ తెలుసు. చెంచా పట్టుకున్న రత్నకుమారికి అందరికంటే బాగా తెలుసు. బిడ్డను బతికించుకోవడానికి ఆవిడ ఈ అబద్ధాన్ని పరాయి ఇంటికి పోయి అడుక్కొచ్చింది. ఆ అబద్ధం ఇప్పుడు బిడ్డ నెత్తి మీదే కూర్చుంది.

ఆమని పెదవులు కదిలాయి.

"వద్దు!" అని అరిచింది రత్నకుమారి. "ఒట్టు వద్దమ్మా! చెయ్యి తియ్యి! తీసెయ్!"

చెంచా జారి, పాలు దుప్పటి మీద ఒలికాయి. ఆమని చెయ్యి లాక్కుంది.

ఝాన్సీ తల్లిని చూసింది. ఏడవలేదు. తెరిచిన నోరు నెమ్మదిగా మూసుకుంది. ఎంతో తెలిసిన పెద్దమనిషిలా, చాలా మెల్లగా అడిగింది.

"నాన్న ఏ బండికి వెళ్ళాడమ్మా? ఇంకా ఊరు చేరి ఉండడుగా?"

రత్నకుమారి మంచం పట్టె పట్టుకుని నిలబడింది. ఇటు తినని బిడ్డ. అటు ఇచ్చిన మాట విన్న అమ్మవారు. ఈ ఇద్దరిలో ఎవరికి కోపం తెప్పించినా పోయేది ఆ బిడ్డ ప్రాణమే.

సరోజిని గుమ్మం దాటి లోపలికి వచ్చింది. సంచిలోంచి సెల్‌ఫోను తీసి, ఏమీ అనకుండా ఆమె ముందుకు చాచింది. రత్నకుమారి దాన్ని అందుకుంది. మొగుడి నంబరు ఆమెకు నోటికి వచ్చు. అయినా ఒక్క అంకె కూడా నొక్కకుండా, కూతురి మొహం చూస్తూ అలాగే నిలబడింది.